ముందు ఆయిల్ చూసేవాడు

ఆదోని, ఎమ్మిగనూరు, కృష్ణగిరి దారుల్లో ఇప్పుడు అక్కడక్కడా పాత బీఎండబ్ల్యూ ఎదురవుతుంది. సగం కన్నా తక్కువ ధరకు దొరికిందన్న సంబరం గేరు మారేటప్పుడు కుదుపు మొదలయ్యేదాకానే. మంచి ఆటోమేటిక్ గేర్‌బాక్సు మెకానిక్ విలువ తెలిసేది అప్పుడే.

అతను వెంటనే స్పానర్ పట్టడు. స్కానర్ పెట్టి కోడ్లు చదువుతాడు, బండి నడిపి చూస్తాడు. ఆయిల్ చుక్క వేలి మీద తీసుకుని వాసన చూస్తాడు. మాడు వాసనొస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టే. ఆ కార్లలో ఎక్కువగా ఉండే జెడ్‌ఎఫ్ 8 స్పీడ్ బాక్సుకు డిప్‌స్టిక్ ఉండదు. ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ 30–50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే మట్టం చూడాలి. మన ఎండల్లో నడిచొచ్చిన బండిలో ఆ వేడి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అందుకే చల్లారేదాకా ఆగుతాడు.

ఈ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కార్ల అమ్మకందార్లు చెప్పినా, బాక్సు చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000–1,20,000 కిలోమీటర్లకోసారి మార్చమంటుంది. ఆ సంగతి అతనికి తెలుసు. బాక్సే మార్చాలని లక్షల బిల్లు వేయగలిగిన చోట, "ముందు ఆయిలూ ఫిల్టరూ మార్చి చూద్దాం సార్" అంటాడు. పనితనానికి తోడు ఆ నిజాయితీ ఉన్నవాణ్ణి ఊరు వదులుకోకూడదు.