వీణానాదము - వినికిడి యంత్రము

వినికిడి యంత్రమును ధరించి కచేరీకి వెళ్ళినవారు, మాటలు తెలియుచున్నవి గాని పాట రుచించుట లేదని చెప్పుదురు. తప్పు వారి చెవిదేయని పక్కవారు తేల్చివేయుదురు. ఈ తీర్పులో న్యాయము సగమే కలదు.

మెరుగైన చెవియందు 35 డెసిబెళ్ళు మొదలుకొని 50కి లోపల లోటున్నచో అది మధ్యరకపు చెవుడని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వర్గీకరించినది. వయస్సుతో వచ్చు చెవుడులో ముందుగా తగ్గునది హెచ్చు శ్రుతుల వినికిడి. వీణపై పలుకు స్వరముల మూలకంపనములు చాలవరకు సెకనుకు 1,000కి లోబడినవే. కనుక గమకములు, రాగస్వరూపము అట్టి చెవికి చాలవరకు అందును. అందనివి మూలధ్వనితోబాటు పుట్టు అతిస్వరములు. తంబురాకు జీవము ఇవియే. 

మరికొంత దోషము యంత్రమునది. దానిని ముఖ్యముగా సంభాషణ కొరకు నిర్మించిరి. అది మెల్లని ధ్వనిని ఎక్కువగాను, పెద్ద ధ్వనిని తక్కువగాను పెంచును. మాటలకు ఇది మేలే. కాని వీణపై మీటు బలముగా పుట్టి, నాదము క్రమముగా సన్నగిల్లును. అందమంతయు అందే కలదు. యంత్రము ఆ సన్నని నాదమును వెంటనే పైకెత్తి, ఆ తారతమ్యమును చెరిపివేయును. మరియు తనలో పుట్టు ఈలను అణచు ఏర్పాటు, వేణువుపై నిలిపిన దీర్ఘస్వరమును ఈలగా భ్రమించి, లేని వణుకును కల్పించుటయు కలదు.

ధ్వనిని ఇంకను హెచ్చించుట దీనికి మందు కాదు. ఇట్టి చెవికి మెల్లని ధ్వని వినబడకున్నను, పెద్ద ధ్వని ఇతరులకువలెనే కర్కశముగా తోచును. శ్రవణ నిపుణునిచే సంగీతమునకు వేరొక అమరిక చేయించుకొనుట ఉచితము. అందు ఈల నణచుట తగ్గవలెను. రొద తగ్గించు ఏర్పాటు ఆగవలెను. హెచ్చుతగ్గులను సవరించు వేగము మందగించవలెను. పిమ్మట బాగుగా తెలిసిన కృతినే ముందు వినవలెను. చెవి విడిచిన దానిని జ్ఞాపకము కొంత పూరించును.

యంత్రమును పెట్టెలో దాచుటయు, దాని మాట నమ్మి సంగీతమునే మానుటయు రెండును పొరపాట్లే. తయారు చేయువారును తమ యంత్రమును మాటలతో మాత్రమే పరీక్షింపక, ఒక వీణ మీటును, ఒక వేణుస్వరమును గూడ వినిపించి చూచుట ధర్మము.