వారానికో నాటకం

యుద్ధం చూసొచ్చినవాడికి కథలు వాటంతటవే వస్తాయని చాలామంది అనుకుంటారు. ఏళ్ల తరబడి రేడియో నాటకాలు రాస్తూ, కొత్తవాళ్ల ప్రతులు దిద్దుతూ వచ్చిన నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. చూసింది ఎంత పెద్దదైతే అంతగా గొంతుకు అడ్డుపడుతుంది. రాడ్ సెర్లింగ్ కాలేజీ రోజుల గురించి చదివిన ప్రతిసారీ నా అభిప్రాయం ఇంకాస్త గట్టిపడుతుంది.

‘ట్వైలైట్ జోన్’ టీవీ ధారావాహిక సృష్టికర్తగా లోకానికి తెలిసిన సెర్లింగ్, 1943లో హైస్కూలు ముగియగానే అమెరికా సైన్యంలో చేరాడు. పారాట్రూపర్‌గా ఫిలిప్పీన్స్‌లో పోరాడాడు, గాయపడ్డాడు. లేతె దీవిలో ఆకలితో ఉన్న దళానికి విమానంలోంచి ఆహారం పెట్టెలు జారవిడిచారు. అందులో ఒకటి, తోటివాళ్లను నవ్విస్తున్న అతని స్నేహితుడి మీద పడింది. కళ్లముందే ప్రాణం పోయింది. చంపింది శత్రువు తూటా కాదు, కడుపు నింపాల్సిన పెట్టె. దీన్ని ఎవరికి చెప్పాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఒహాయో రాష్ట్రంలోని ఆంటియోక్ కాలేజీలో చేరాడు. చదివించింది 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన జీఐ బిల్లు. మాజీ సైనికుల ఫీజులకు ఏడాదికి 500 డాలర్ల దాకా, నెలనెలా ఖర్చులకు కొంత ఇచ్చిన ఆ చట్టంతో దాదాపు 22 లక్షల మంది కాలేజీ మెట్లెక్కారు. (అదే చట్టం ఉన్నా నల్లజాతి సైనికులకు చాలాచోట్ల తలుపులు తెరుచుకోలేదు. ఆ అన్యాయాన్ని మరిచి దీన్ని పొగడలేం.) సెర్లింగ్ మొదట తీసుకున్నది వ్యాయామ విద్య. పీడకలలు వదల్లేదు. లోపలున్నది రాసి దించుకోవాలని సాహిత్యానికి మారాడు. డబ్బు చాలక, కొత్త పారాచూట్లను పరీక్షించడానికి మళ్లీ విమానాల్లోంచి దూకాడు.

అక్కడే కాలేజీ రేడియో బృందం బాధ్యత అతని చేతికొచ్చింది. 1948-49లో వారం వారం నాటకం రాసి, దర్శకత్వం వహించి, తనూ నటించి, దగ్గర్లోని స్ప్రింగ్‌ఫీల్డ్ స్టేషన్ నుంచి ప్రసారం చేయించాడు. వారానికో నాటకమంటే ఏమిటో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. ప్రసారం వేళ ఎవరి కోసమూ ఆగదు. తెర లేదు, వేషం లేదు, ముఖం లేదు. చీకటి పడిందని పాత్ర చేత అనిపిస్తే వినేవాడికి చీకటి కనిపించదు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు, వెనకే ‘ఎవరది?’ అన్న గొంతు వినిపిస్తే కనిపిస్తుంది. ఒకే తీరు గొంతులు రెండుంటే ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు. మౌనాన్ని కూడా కొలిచి పెట్టాలి. ఆ నాటకాలు సాగుతున్న రోజుల్లోనే, 1948 డిసెంబరు 1న, మన విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. ఆ కేంద్రం నాటకాలు వింటూ చెవి తయారుచేసుకున్నవాణ్ని కనుక, ఆ కుర్రాడి కష్టం నాకు దూరదేశపు సంగతిగా అనిపించదు.

అతని తొలి విజయం యుద్ధకథతో రాలేదు. 1949లో ‘డాక్టర్ క్రిస్టియన్’ రేడియో కార్యక్రమం పోటీలో 500 డాలర్లు తెచ్చిపెట్టింది ఒక బాక్సర్ కథ. సైన్యంలో తనూ బాక్సింగ్ చేసినవాడే. లేతె అనుభవంతో కాలేజీలో రాసిన ‘ఫస్ట్ స్క్వాడ్, ఫస్ట్ ప్లటూన్’ కథ మాత్రం అచ్చయింది 2024లో, అతను పోయిన దాదాపు యాభై ఏళ్లకు. ఈలోగా 1960లో, ‘ట్వైలైట్ జోన్’లోని ‘ది పర్పుల్ టెస్టమెంట్’తో ఫిలిప్పీన్స్‌కు తిరిగి వెళ్లాడు. అందులో ఒక లెఫ్టినెంట్‌కు, చనిపోబోయే సైనికుల ముఖాల మీద వింత వెలుగు కనిపిస్తుంది. సూటిగా చెప్పలేని భయానికి ఆ వెలుగు దారి చూపింది. రాయగా రాయగా దొరికే దారి అది.

పశ్చిమ గోదావరి జిల్లా మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారు. సెర్లింగ్ పోరాడిన యుద్ధానికే ఆ ఊరి నుంచీ ఎందరో వెళ్లారు. ఇప్పటికీ మన జవాన్లలో చాలామంది నలభై ఏళ్లు నిండకుండానే రిటైరై ఇళ్లకొస్తారు. ఎక్కువమందికి దొరికేది సెక్యూరిటీ గార్డు ఉద్యోగం. మన విశ్వవిద్యాలయాల రంగస్థల, జర్నలిజం శాఖలు ఏటా ఈ మాజీ జవాన్లలో కొందరిని పిలిచి, ఫీజు లేకుండా సీటిచ్చి, క్యాంపస్ రేడియోలో వారానికి అరగంట అప్పగించాలి. ముందే అనుభవాలు చెప్పమని అడగొద్దు. బాక్సర్ కథో, బావగారి కథో, ఏది తెస్తే అది ప్రసారం చేయండి.