వేంకటేశము చెడుటకు కారకులెవరు?

గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడినది. అందలి వేంకటేశమును చెఱచినవాడు గిరీశమే యని పాఠకులు పలువురు తీర్పు చెప్పుదురు. చుట్ట త్రాగుట నేర్పినవాడాతడే, కాదనరాదు. కాని పరీక్ష తప్పిన బాలుడు అట్టివానిని గురువని వెంటబెట్టుకొనిరాగా, ఆ యింట చోటెట్లు దొరకెను?

అగ్నిహోత్రావధానులకు కోపము కొఱతలేదు, లేనిది నియమము. తండ్రి మండిపడును, తల్లి వెనుకవేసికొని వచ్చును. ఏది కూడునో, ఏది కూడదో ముందుగా చెప్పువారు లేరు. పైగా కూతును ధనమునకై ముసలివాని కీయబూనిన తండ్రి మాట, ఎదుగుచున్న కుమారునకు ధర్మముగా నెట్లు తోచును?

పదునాఱేండ్లు వచ్చిన పుత్రుని మిత్రునివలె చూడవలెనని పెద్దలందురు. మైత్రి యనగా నియమములేమి కాదు. నియమమును ముందుగా తెలుపవలెను, కారణము చెప్పవలెను, పెద్దలును దానికి లోబడవలెను. భోజనవేళ సెల్‌ఫోను కూడదన్నచో తండ్రి ఫోనును ప్రక్కన పెట్టవలసినదే.

నల్లగొండ, పాలమూరు జిల్లాలలో తలిదండ్రులు కూలికై దూరనగరములకు వలసపోగా, పిల్లలు అవ్వతాతలయొద్ద పెరుగు ఇండ్లు గలవు. అచ్చట నియమము చేయువారొకరు, కాచువారొకరు. ఆ యిరువురును ముందే ఏకమాటకు రాకున్నచో పిల్లవాడు నడుమ సందు కనుగొనును. గిరీశములు ప్రవేశించునది ఆ సందుననే.

2009 నాటి విద్యాహక్కు చట్టము మా బడులలో బెత్తమును నిషేధించినది. ఇంటనుగూడ బెత్తమునకు మాఱుగా నిలువవలసినది గారాబము కాదు; నిలుకడగల మాట.