గేమ్‌ల చదువుకు క్యోటో

యూనిటీ, అన్‌రియల్ లాంటి ఇంజిన్లు హైదరాబాదులో కూర్చుని కూడా నేర్చుకోవచ్చు. వాటి కోసం జపాన్ దాకా పోనక్కర్లేదు. ఆటగాడి మనసు చదివి ఆటను అల్లే పనితనం కోసమైతే తప్పకుండా వెళ్లాలి, అందులోనూ క్యోటోకి.

1985లో క్యోటో సంస్థ నింటెండోలో షిగేరు మియమోతో బృందం చేసిన సూపర్ మారియో బ్రదర్స్ మొదటి లెవెల్ చూడండి. మారియో తెరకు ఎడమ పక్కన నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. ఎటు నడవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగడుగులు వేసేసరికి గూంబా అనే శత్రువు ఎదురొస్తుంది. కదలకుండా ఉంటే ప్రాణం పోతుంది, దూకితే నిలుస్తుంది. ఈ గూంబాను తయారీ చివర్లో చేర్చారు. అంతకుముందున్న తాబేలును తొక్కాక మళ్లీ తన్నాలి, కొత్తవాళ్లకు అది కష్టమని. ప్రశ్న గుర్తున్న పెట్టెను తలతో కొడితే పుట్టగొడుగు వస్తుంది. చూడ్డానికి గూంబాలాగే ఉంటుంది కాబట్టి కొత్తవాడు తప్పుకోబోతాడు. అదేమో గొట్టానికి తగిలి వెనక్కి తిరుగుతుంది. నెత్తిమీద ఇటుకలు అడ్డు, దూకి తప్పించుకోవడం కష్టం. తగిలితే మాత్రం మారియో పెద్దవాడవుతాడు! ఒక్క మాట చెప్పకుండా ఇంత నేర్పారు. ఆట మొత్తం 40 కిలోబైట్లే కావడంతో మబ్బుకీ పొదకీ ఒకే బొమ్మ వాడి, రంగు మార్చి సరిపెట్టారు.

ఇరుకులోంచి ఉపాయం పుట్టించడం నింటెండోలోనే పనిచేసిన గున్‌పెయ్ యొకోయ్‌కీ తెలుసు. పాతబడి చవకైన విడిభాగాలతోనే కొత్త వినోదం సృష్టించాలన్నది ఆయన పట్టు. 1989లో ఆయన బృందం తెచ్చిన చేతి గేమ్ పరికరం గేమ్‌బాయ్‌కి రంగుల తెర లేదు. రంగుల తెరతో పోటీకొచ్చిన సెగా గేమ్‌గేర్ ఆరు బ్యాటరీలు వేసినా నాలుగైదు గంటలకే ఆగిపోయేది. గేమ్‌బాయ్ నాలుగింటితోనే పది గంటలు దాటి నడిచేది. నా లెక్కలో ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠంగా చెప్పదగ్గ నిర్ణయమిది.

క్యోటోలోని రిత్సుమెయికాన్ విశ్వవిద్యాలయంలో 2011 నుంచి గేమ్ అధ్యయన కేంద్రం ఉంది. పాత గేమ్‌లను భద్రపరిచి, సాహిత్యాన్నీ సినిమానూ చదివినంత శ్రద్ధగా అక్కడ పరిశోధిస్తారు. 1889లో పూల బొమ్మల పేకముక్కలతో మొదలైన నింటెండోదీ ఈ ఊరే. పక్కనే ఉజిలో, తన పాత ఫ్యాక్టరీనే ఆ సంస్థ 2024లో మ్యూజియంగా తెరిచింది. టోక్యోలోనూ అవకాశాలున్నాయి. 1980లో ప్యాక్‌మ్యాన్ రూపొందించిన తోరు ఇవతాని అక్కడి పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పాఠాలు చెప్పారు.

ఖర్చు మాటకొస్తే, జపాన్ ప్రభుత్వమిచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఫీజు భరించి నెలనెలా భత్యం కూడా ఇస్తుంది. తెలుగు రాష్ట్రాలవాళ్లు చెన్నైలోని జపాన్ కాన్సులేట్ ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. అనుమతి తీసుకున్న విద్యార్థులు వారానికి 28 గంటల దాకా పని చేసుకోవచ్చు. అసలు గండం భాష. ఇంగ్లీషులో డిగ్రీ దొరికినా, స్టూడియోల్లో చర్చలు ఎక్కువగా జపనీస్‌లోనే సాగుతాయి. ఇంటర్ చదువుతూ ఈ దారి పట్టాలనుకునేవారు కోడింగ్‌తోపాటు జపనీస్ లిపులైన హిరగానా, కతకానా ఈ ఏడాదే మొదలుపెట్టండి.