అనుకరణ అన్నదెవరు, ఎవర్ని?

తెలుగు దళిత కవిత్వం మీద పడ్డ నిందల్లో ఎన్నేళ్ళయినా అరగనిది ఒకటుంది. అది అనుకరణ అన్న నింద. మరాఠీ వాళ్ళను చూసి రాశారన్నారు, నల్లజాతి కవుల్ని చూసి రాశారన్నారు. ప్రభావం లేదని మేము అనం. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ గొంతు మనదాకా రాకపోతే ఆశ్చర్యపోవాలి గానీ, వచ్చినందుకు ఎందుకు? మా పేచీ మాట ఎంపికతోనే. శ్రీశ్రీ మీద ఎడ్గార్ అలన్ పో, స్విన్‌బర్న్ పనిచేశారని చెప్పేటప్పుడు మన విమర్శ 'ప్రభావం' అంటుంది. కారంచేడు (1985) తర్వాత కలం పట్టినవాళ్ళు బయటి కవుల్ని చదివితే 'అనుకరణ' అయింది. పని ఒకటే, పేర్లు రెండు.

ఈ పేర్ల పంపకాన్ని కాస్త తవ్వి చూడాలి. వ్యాసుడి భారతాన్ని నన్నయ తెలుగులోకి తెస్తే ఆంధ్రీకరణ. ఎందరో రాసిన రామాయణాన్ని విశ్వనాథ మళ్ళీ రాస్తే సంప్రదాయం. 1970 సంవత్సరపు జ్ఞానపీఠం కూడా వచ్చింది. జరుక్ శాస్త్రి (1914-1968) తోటి కవుల ధోరణిని పట్టుకుని నవ్విస్తే పేరడీ, ఆయన దానికి పితామహుడు. నేరెళ్ళ వేణుమాధవ్ (1932-2018) వేదిక మీద పెద్దపెద్దవాళ్ళ గొంతులు పలికిస్తే ధ్వన్యనుకరణ, 2001లో పద్మశ్రీ. వీళ్ళ విద్యను తక్కువ చెయ్యటం మా వుద్దేశం కాదు. కానీ పొలంలో నాట్లేసే కూలీ మనిషి దొర నడకనూ దగ్గునూ పట్టి, పక్కవాళ్ళకు చేసి చూపిస్తే దాని పేరు ఎక్కిరింపు. దొర చెవిన పడితే ఆ పూట కూలి పోతుంది, ఒక్కోసారి వీపు పగులుతుంది. గొంతు పట్టటంలో నేర్పు ఇక్కడ తక్కువైందా?

ఆటలోనూ అంతే. కూచిపూడి మగవాళ్ళు సత్యభామ అయితే అది అభినయం. వూరూరా తిరిగి బతికే జాతులు కట్టేవి మాత్రం 'వేషాలు'. పగటి వేషాల్లో సోమయాజులు-సోమిదేవమ్మ వేషం వుంది. బ్రాహ్మణ దంపతుల్ని నడివీధిలో నవ్వులపాలు చేసే ఆట అది. ఆ నాలుగు రోజులూ చెల్లుతుంది, ఎందుకంటే చివర్లో వేషం విప్పి ఇంటింటికీ చెయ్యి చాస్తారు గనక. కళ పేరు తిట్టుగా మారటం కూడా చూడండి: "వేషాలెయ్యకు" అంటాం గానీ, "అభినయాలు చెయ్యకు" అని ఎవర్నీ బెదిరించం.

బళ్ళో ఒరవడి వుండేది. పైన పంతులు గుండ్రంగా రాసిస్తాడు, కింద పిల్లవాడు దాన్ని చూసి దిద్దుతాడు. చూచిరాత. నిఖార్సయిన కాపీయే, కానీ దాన్ని చదువన్నారు. ఒరవడి రాసిచ్చే పంతులు దొరకనివాడు, బడి గోడ బయట నిలబడి నేర్చుకున్నవాడు రాస్తే మాత్రం కాపీ కొట్టాడంటారు. (ఏకలవ్యుడి సంగతి మళ్ళీ చెప్పనక్కర్లేదు.) ఆఫీసుల్లో వుర్దూ నుంచి వచ్చిన జంట వుంది: నకలు, నకిలీ. పహాణీ నకలు మీద అధికారి సంతకం పడితే అది అసలుతో సమానం. నకిలీ అంటే దొంగది. మన కులాన్ని పైకులాలవాళ్ళు కోరి అనుకరించేది ఈ కాగితాల మీదే. తప్పుడు కుల ధ్రువపత్రాల్ని ఆపటానికి 1993లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టమే చెయ్యాల్సొచ్చింది. అదే మన డప్పు దరువు సినిమాకెక్కితే దాన్ని నకలనీ అనరు, నకిలీ అనీ అనరు. 'జానపద బాణీ' అంటారు. జానపదుడు అంటే ఎవరో, ఏ వాడవాడో అడగరు.

ఇక సామెత. పులిని చూసి నక్క వాతపెట్టుకుందట. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మాల పిల్లాడికీ, చెప్పులేసుకుని వూరి నడిబజార్లో నడిచిన మాదిగ పిల్లాడికీ ఈ సామెతే తగిలిస్తారు. సామెతలో కనపడకుండా దాక్కున్న సిద్ధాంతం ఏమిటంటే, చారలు పులికి పుట్టుకతో వచ్చినవి, నక్క కాల్చుకోవాలి. చొక్కా ఎవరికైనా పుట్టుకతో వస్తుందా? చుండూరులో చదువుకున్న దళిత కుర్రవాళ్ళు సినిమా హాల్లో అందరితోపాటు కూచున్నారు. కాలు తగిలిందన్న గొడవ రాజుకుని 1991 ఆగస్టు 6న హత్యాకాండ దాకా పోయింది. నక్క సామెతను నవ్వులాట మాటగా మేము చదవలేం.

అసలు ఎవరు ఎవర్ని అనుకరించారన్న ప్రశ్నను తలకిందులు చేసినవాడు అంబేడ్కర్. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో, పాతికేళ్ళ వయసులో ఆయన చదివిన 'భారతదేశంలో కులాలు' పత్రానికి ఇరుసు ఈ మాటే. ఫ్రెంచి పండితుడు గాబ్రియెల్ టార్డ్ సూత్రాల్ని పనిముట్టుగా తీసుకున్నాడు: అనుకరణ పైనుంచి కిందికి పారుతుంది, దూరం పెరిగేకొద్దీ పలచబడుతుంది. మొదట తలుపేసుకున్నది బ్రాహ్మణ వర్గం. చూసి కొందరు తామూ వేసుకున్నారు, మిగిలినవాళ్ళ ముఖాన తలుపు పడింది. రుజువు? సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం. బ్రాహ్మణులకు బాగా దగ్గరున్న కులాల్లో మూడూ వుంటాయి, కాస్త దూరమైతే చివరి రెండూ, ఇంకా దూరమైతే బాల్యవివాహం ఒక్కటే. అంటే కులవ్యవస్థే ఒక పెద్ద చూచిరాత. 1952లో ఎం.ఎన్. శ్రీనివాస్ కూర్గుల మీద రాసిన పుస్తకంలో ఇలాంటి కదలికకే సంస్కృతీకరణ అని పేరు పెడితే, పాఠ్యపుస్తకాలు ఆ పేరునే పట్టుకున్నాయి. దాన్లో ఎదుగుదల వాసన వుంది. అంబేడ్కర్ మాత్రం ముప్ఫై ఆరేళ్ళ ముందే దాన్ని సోకే రోగంతో పోల్చాడు. తెలుగులో ఈ పోలికకు ఇంకో పదును వస్తుంది. మైలకూ అంటే, రోగానికీ అంటే. వెలివాడను వేలుపెట్టి చూపించి అంటు అన్నవాళ్ళకే అది పట్టిందని ఆ పత్రాన్ని తెలుగు చెవితో వింటే తెలుస్తుంది.

ఇప్పుడు జాషువా దగ్గరికి వద్దాం. 'గబ్బిలం' (1941) మేఘసందేశానికి అనుకరణ అన్న మాట తరగతి గదుల్లో ఇప్పటికీ నలుగుతుంది. నిజమే, చట్రం కాళిదాసుదే: దూరాన వున్నవాడు, దూత, దారి వర్ణన, సందేశం. కానీ యక్షుడు భార్యకు కబురు పంపితే, తంజావూరు అరుంధతీసుతుడు ఆకలినీ అంటరానితనాన్నీ కాశీ విశ్వనాథుడికి చెప్పుకుంటున్నాడు. మేఘాన్ని చూస్తే వూరంతా సంతోషిస్తుంది. గబ్బిలం ఇంట్లోకొస్తే అపశకునం. అయినా అది గుడిలో వేలాడుతుంది, మనిషికి మాత్రం గడప దాటే వీల్లేదు. ఒరవడి మీద చెయ్యి పెట్టి, దిద్దుతూ దిద్దుతూనే అక్షరాన్ని వేరే పక్కకు తిప్పేశాడు. పాత చట్రం తెలిసిన పాఠకుడికే ఈ తిప్పటం దెబ్బలా తగులుతుంది. అందుకని ఆ చట్రం ఆయనకు అవసరమైంది. దీనికి అనుకరణ అన్న మాట చాలదు, అనుసరణ అసలే కుదరదు. ఎక్కిరింపు అంటే మాకు దగ్గరగా వుంది, పొలంలో కూలీమనిషి చేసే అర్థంలో.

ఎండ్లూరి సుధాకర్ 'కొత్త గబ్బిలం' జాషువా పక్షిని మళ్ళీ పిలిచింది. పిలిచి, వేరే పని అప్పజెప్పింది. అయితే డప్పు, చెప్పు, వెలివాడ, నెత్తురు అన్న నాలుగు మాటలూ పేర్చి వదిలేసిన పద్యాలు మన సంకలనాల్లో తక్కువేం లేవు. వాటిని బయటివాళ్ళు అనుకరణ అంటే మనం కోప్పడ్డాం, లోపల మాత్రం ఎవరం ఏమీ అనలేదు. వాటికి తగిన మాట మూస. కంసాలి కొలిమి దగ్గర పుట్టిన మాట, పనివాళ్ళ మాట. అది రాసిన కవి ఎదురుగా కూచున్నప్పుడే అనాలి.