తప్పిపోయిన ఉపగ్రహము

ఈ పత్రికలో సినిమా సంగతియా అని ఆశ్చర్యపడకుము. 2018 డిసెంబరు 21న, మనము క్రిస్మసు పాటలతో వీధులు తిరుగుచున్న దినములలో, "అంతరిక్షం 9000 కె.ఎం.పి.హెచ్." అను తెలుగు చిత్రము విడుదలయ్యెను. మనలో చూచినవారు కొద్దిమందియే. దర్శకుడు సంకల్ప్ రెడ్డి. 1971లో మన విశాఖ తీరమున మునిగిన పాకిస్తాను జలాంతర్గామి కథతో "ఘాజీ" తీసినవాడు ఇతడే.

మిహిర అను ఉపగ్రహము అదుపు తప్పి ఇతర ఉపగ్రహములను ఢీకొనబోవుచున్నది. అదే జరిగిన యెడల లోకమంతట వార్తలు రాకపోకలు నిలిచిపోవును. దానిని బాగుచేయుటకు దేవ్‌ను (వరుణ్ తేజ్) పిలిపింతురు. చంద్రునికి పంపిన తన ఉపగ్రహము విఫలము కాగా ఉద్యోగము విడిచి దూరముగా బ్రతుకుచున్నవాడతడు.

ఇది వట్టి కల్పన అని కొందరందురు. మన ఉద్దానమువారు అనరు. ఆ చిత్రమునకు రెండు నెలల ముందే, అక్టోబరు 11న, తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటి కొబ్బరి తోటలను, జీడి తోటలను నేలగూల్చెను. కరెంటు లేదు, ఫోను లేదు. బ్రతికియున్నామని దూరముననున్న బిడ్డలకు చెప్పుకొను దారి లేదు. ఆ తుపాను వచ్చుచున్నదని ముందుగా చూచిన కన్ను ఉపగ్రహముదే గదా!

అయితే నన్ను పట్టి నిలిపినది మిహిర కాదు. పని ముగిసిన తరువాత దేవ్ తిరిగి రాక, పోగొట్టుకొన్నదానిని వెదకుచు చంద్రునివైపు పోవును. లూకా 15వ అధ్యాయములోని కాపరి జ్ఞాపకమునకు రాకుండునా? తొంబదితొమ్మిది గొఱ్ఱెలను అడవిలో విడిచి ఒక్కదాని కొరకు పోయిన ఆ కాపరిని గూర్చి ఎన్ని ప్రసంగములు విన్నామో! ఆ తొంబదితొమ్మిదింటి గతి యేమని ఎవరును అడుగరు. ఇక్కడ అవి అదితిరావు హైదరి, సత్యదేవ్‌ల ముఖములతో అదే నౌకలో కూర్చున్నవి. కాపరి పోయినది గొఱ్ఱె కొరకు. దేవ్ పోవునది సగము చంద్రునిమీది నీటి కొరకు, సగము తన ఓటమి మచ్చ తుడుచుకొనుటకు. ఏ సగము పెద్దదో అతనికే తెలియదు. ఆ తెలియమిని వరుణ్ తేజ్ మాటలకంటె మౌనముతో బాగుగా చూపినాడు.

లోపములు లేకపోలేదు. ప్రేమకథ అడ్డముగా వచ్చును. రెండవ సగము తొందరపడును. దేవ్‌ను మెచ్చుకొనుటకు చిత్రము మరీ ఆత్రపడును.

నిజమైన కథ వేరు. 2008 అక్టోబరు 22న శ్రీహరికోటనుండి వెళ్లిన చంద్రయాన్-1తో 2009 ఆగస్టులో సంబంధము తెగిపోయెను. చంద్రునిమీది నీటి జాడ దాని పరికరముల వలననే ఆ సెప్టెంబరులో వెల్లడియైనది. 2016లో అమెరికా శాస్త్రజ్ఞులు భూమిమీదనుండియే రాడారుతో వెదకి, అది ఇంకను చంద్రుని చుట్టు తిరుగుచున్నదని కనుగొనిరి. ఎవరిని అడవిలో విడువలేదు.

యౌవనస్థుల కూటములో ఈ చిత్రము చూపుడు. దేవ్ చంద్రునివైపు మళ్లిన చోట ఆపి, ఆ నౌకలో మీరుండిన సరేయందురా అని అడుగుడు. మా యింట ఆ ప్రశ్న వలన ఆ రాత్రి అన్నము చల్లారిపోయెను.