నూజివీడు తోటల నుంచి మారేడుమిల్లి ఘాట్‌కి

నూజివీడు తోటల్లో మామిడి పూత పట్టే డిసెంబరు, జనవరి నెలలే సైకిలు మీద కొండలకు బయలుదేరడానికి తగిన కాలం. రసాలు చేతికొచ్చే మే నెల ఎండలో ఆ ప్రయాణం పెట్టుకోకూడదు. అందుకే మన ప్రాంతపు సైకిలు యాత్రికుడికి దారిలో పూత వాసనే తప్ప పండు దొరకదు. తాండ్ర మాత్రం దొరుకుతుంది. జేబులో చితకదు, కారదు, నమిలిన కాసేపటికే సత్తువ అందుతుంది. ఘాట్ రోడ్డు మీద దాన్ని మించిన తిండి నాకు తెలియదు.

చింతలపూడి, జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం మీదుగా సాగి కొవ్వూరు దగ్గర గోదావరి దాటితే మొదటి మజిలీ రాజమహేంద్రవరం. అక్కణ్ణించి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. అది దాటి చింతూరు వైపు తిరిగితే అసలైన తూర్పు కనుమలు: వరస మలుపులు, దట్టమైన అడవి, ఎక్కడో ఒక కొండరెడ్ల పల్లె. దుకాణాలు తక్కువ. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం.

కొండ ఎక్కడానికి పిక్కల బలం కావాలంటారు. అంతకంటే ముందు పళ్ల లెక్క కావాలి. మన పాత సైకిళ్లలో పెడల్ దగ్గరి చక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కి 18 ఉండటం మామూలు. పెడల్ ఒక్కసారి తిరిగితే బండి అయిదు మీటర్లు దాటి పోతుంది. చదును నేల మీద అది హాయి. ఘాట్‌లో గంటకు 7 కిలోమీటర్లతో ఎక్కుతుంటే ఆ సైకిలు పెడల్ నిమిషానికి 22 సార్లే తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ భారమంతా మోకాలి మీదే. ముందు 30, వెనక 34 పళ్లున్న గేరులో అదే వేగానికి పెడల్ 60 సార్లకు పైగా తిరుగుతుంది. చేసే పని అంతే, ఒక్కో తొక్కుడుకు పడే బరువు సుమారు మూడో వంతు.

ఈ చిన్న గేర్ల కోసం జీవితమంతా వాదించినవాడు ఫ్రాన్స్‌లోని సెంట్ ఎతియెన్‌లో ఉన్న పాల్ ద వివీ (1853–1930). వెలోసియో పేరుతో రాసేవాడు, 1887లో సైకిలు పత్రిక పెట్టాడు. చైనును ఒక పళ్లచక్రం మీంచి మరో దాని మీదికి మార్చే డెరైలర్ గేర్లను టూర్ డి ఫ్రాన్స్ పందెం 1937 దాకా రానివ్వలేదు. పందెం కాదన్నదాన్ని యాత్రికులు ముందే అందిపుచ్చుకున్నారు. ఆకలి వేయకముందే తినమని, దాహం కాకముందే తాగమని, గొప్ప కోసం తొక్కవద్దని ఆయన చెప్పాడు. మన ఉక్కపోతలో రెండోది ప్రాణంతో సమానం. నీళ్లతో పాటు ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్‌ఎస్సో ఉండాలి.

సామాను వీపున మోయకండి. క్యారియర్‌కి రెండు పక్కలా సంచులు కట్టి, బరువైనవి అడుగున సర్దాలి. టైరు 35 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉంటే రిమ్ కాగి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. మలుపుకు ముందే గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదలాలి. ట్యూబులు, పంపు, బ్రేకు వైరు, చైను లింకు వెంట ఉండాల్సిందే.

ఎవరి బండి వాళ్లే బాగు చేసుకోవాలన్నది ఈ సైకిలు యాత్రల సంప్రదాయంలో నాకు బాగా నచ్చిన నియమం. హైదరాబాద్ రాండోనర్స్ లాంటి క్లబ్బులు నడిపే బ్రెవేలలోనూ, అంటే గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిలు యాత్రల్లోనూ, అదే పద్ధతి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600కి 40 గంటలు గడువు. గడువులో చేరిన వాళ్లలో మొదటి స్థానం, చివరి స్థానం అంటూ లేవు. ఓడించాల్సిన మనిషి లేనప్పుడు చుట్టూ చూసే తీరిక దొరుకుతుంది. గంటకు 7 కిలోమీటర్లతో వెళ్లేవాణ్ణి "ఎక్కణ్ణించి బాబూ?" అని అడగని ఊరు ఉండదు. ఆ పలకరింపు కారులో పోయేవాడికి దక్కదు.

ముందు ఆగిరిపల్లి వైపు, విస్సన్నపేట వైపు మెట్ట రోడ్ల మీద సామాను కట్టుకుని కొన్ని వారాలు తొక్కి చూడండి. వెనక పళ్లచక్రం నవంబరులోనే మార్పించుకోండి. ఘాట్‌లోకి పొగమంచు విడిచాక దిగండి, సాయంత్రం నాలుగు దాటితే మారేడుమిల్లిలోనే ఆగిపోండి.